బుజ్జి వేసవి క్యాంపు, మా నాన్న తాపీ

పిల్లలూ, మా చిన్నప్పుడు బడి ఫారాల్లో "తండ్రి వృత్తి" అని ఒక గడి ఉండేది. వృత్తి అంటే బతకడానికి చేసే పని. ఆ గడిలో నేను చాలా ఏళ్లు ఒక అబద్ధం రాశాను. అది పోయిన వేసవిలో, ఇక్కడ కెనడాలో, మా అక్క కూతురి ముందు బయటపడింది. ఎలా బయటపడిందో ఇవాళ మీకు చెప్తాను.

ముందు నా గురించి రెండు మాటలు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు దగ్గర ఒక పల్లెటూరు. అక్కడ బీఎడ్ చదివి, ఐదేళ్లు బడిలో సోషల్ చెప్పాను. ఇక్కడికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ఇప్పుడు ఇంటి పని చూసుకుంటూ, శనివారాలు మీలాంటి పిల్లలకు తెలుగు చెప్తున్నాను. మా అక్క వాళ్లు పద్దెనిమిదేళ్లుగా బ్రాంప్టన్‌లో ఉంటున్నారు. వాళ్లమ్మాయి ఇక్కడే పుట్టింది. పదకొండో గ్రేడ్ అయిపోయింది. ఇంట్లో అందరం బుజ్జి అంటాం.

బుజ్జి ఒక క్యాంపులో చేరతానంది. ఆర్కిటెక్చర్, డిజైన్ క్యాంపు. మూడు వారాలు. కాలేజీలో చేరకముందే ఆ చదువు ఎలా ఉంటుందో హైస్కూలు పిల్లలకు రుచి చూపిస్తారన్నమాట. బావగారు ఫీజు చూసి, "అట్టముక్కలు కత్తిరించడానికి ఇంతా?" అన్నారు. "చేరనివ్వండి. నచ్చకపోతే ఎలాగూ కంప్యూటర్సే కదా" అంది అక్క. అక్కా బావా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోతారు కాబట్టి, మొదటి వారం బుజ్జిని దింపే పని నాకు పడింది.

బ్రాంప్టన్‌లో గో ట్రైన్ ఎక్కి, యూనియన్ స్టేషన్‌లో దిగి, అక్కణ్ణుంచి స్ట్రీట్‌కార్‌లో వెళ్లాలి. టొరంటో యూనివర్సిటీ వాళ్ల ఆర్కిటెక్చర్ భవనం స్పడైనా క్రెసెంట్ అనే చోట ఉంది. రోడ్డు మధ్యలో గుండ్రటి దీవిలాంటి స్థలం అది. దక్షిణం వైపు నుంచి చూస్తే కోటలాంటి పాత భవనం. వెనక్కి వెళ్తే దానికి అతికించి కట్టిన కొత్త భవనం.

ఆ పాత భవనం కథ వినండి. 1875లో దాన్ని చర్చి బోధకులు చదువుకునే కాలేజీగా కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు అది గాయపడిన సైనికుల ఆస్పత్రి అయింది. 1918లో అమీలియా ఇయర్‌హార్ట్ అనే అమ్మాయి అక్కడ రోగులకు సేవ చేసింది. ఆవిడే తరువాత, 1932లో, ఒంటరిగా విమానం నడుపుతూ అట్లాంటిక్ మహాసముద్రం దాటింది. రెండో యుద్ధం రోజుల్లో అదే భవనంలో పెన్సిలిన్ మందు తయారుచేశారు. చివరికి 2017లో పాతదాన్ని కూల్చకుండా, దానికి కొత్త భాగం కలిపి, ఆర్కిటెక్చర్ పిల్లలకు ఇచ్చారు. ఒకే ఇల్లు ఎన్ని పనులు మార్చిందో చూడండి.

మొదటి వారం బుజ్జి సాయంత్రం ఇంటికి రాగానే నేర్చుకున్నవన్నీ నాకు చెప్పేది. నేను ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. ఒకరోజు నా చేతిలోంచి ఉల్లిపాయ లాక్కుని, "చూడు పిన్నీ, ఇది ప్లాన్" అని అడ్డంగా కోసింది. ఇంటిని కూడా నడుము ఎత్తులో అలా అడ్డంగా కోసి, పై ముక్క తీసేసి, పైనుంచి చూస్తే కనిపించే బొమ్మ ప్లాన్. గోడలు ఎక్కడున్నాయో, తలుపులు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఇంకో ఉల్లిపాయని నిలువుగా కోసి, "ఇది సెక్షన్" అంది. పునాది నుంచి కప్పు దాకా లోపల ఏముందో అందులో తెలుస్తుంది. కోయకుండా ఎదురుగా నిలబడితే కనిపించే ముఖం ఎలివేషన్. ఆ రాత్రి కూరలో ఉల్లిపాయ ముక్కలు ఒక్కో సైజులో ఉన్నాయి కానీ, నాకు మూడు బొమ్మలూ బాగా అర్థమయ్యాయి.

స్కేల్ అని ఇంకోటి ఉంది. ఒకటికి యాభై స్కేల్ అంటే, కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద యాభై సెంటీమీటర్లు. నాలుగు మీటర్ల గోడని ఎనిమిది సెంటీమీటర్ల గీత చేయాలి. ఆ లెక్కతోనే అట్టముక్కలు కోసి, జిగురుతో అతికించి, చిన్న నమూనా ఇల్లు చేస్తారు. బుజ్జి మొదటి నమూనా రైల్లోనే కూలిపోయింది. వేలికి బ్యాండెయిడ్ కూడా పడింది.

రెండో వారంలో అసలు పని ఇచ్చారు. "ఇంటికీ వీధికీ మధ్య ఉండే ఒక చిన్న చోటు తయారుచెయ్యండి. దానికి ముందు, చేతులతో ఏదైనా కట్టిన మనిషి ఒకరితో మాట్లాడి రండి." బుజ్జి వెంటనే, "మా తాతయ్య ఇళ్లు కట్టేవాడు కదా!" అంది. నా గుండె ఒక్కసారి గతుక్కుమంది. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ గురువారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాం. వేసవిలో మనకీ ఇండియాకీ తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడ శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నర. నాన్న అప్పటికే లేచి, ఇంటి ముందు కూర్చుని టీ తాగుతున్నాడు. పనికి వెళ్లడం మానేసి ఐదేళ్లయినా ఆ వేళకి మెలకువ వచ్చేస్తుంది ఆయనకి. బుజ్జి తెలుగు నడిచినంత దూరం తనే మాట్లాడాలని, ఆగిపోయిన చోట నేను చెప్పాలని ఒప్పందం.

"తాతయ్యా, నువ్వు ఆర్కిటెక్ట్‌వా?"

నాన్న నవ్వాడు. "కాదమ్మా. నేను తాపీ మేస్త్రిని."

బుజ్జి నా వైపు చూసింది. ఆ మాట తనకి తెలీదు. నేను తడుముకోకుండా, "కాంట్రాక్టర్ అంటున్నారు" అని చెప్పేశాను. వంటింట్లో అక్క గిన్నెలు కడుగుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

బుజ్జి రాసుకోబోయి ఆగింది. "పిన్నీ, కాంట్రాక్టర్ అంటే ఇంగ్లీషు మాటే కదా. తాతయ్య అలా అనలేదు. వేరే ఏదో అన్నాడు."

నాకు ఏం చెప్పాలో తోచలేదు. నాన్నే అందుకున్నాడు. "కాంట్రాక్టర్ని కాదు తల్లీ. కాంట్రాక్టర్ దగ్గర కూలి డబ్బులు తీసుకునేవాణ్ణి. ఉండు, చూపిస్తా." లోపలికి వెళ్లి తన తాపీ తెచ్చాడు. తాపీ అంటే సిమెంటు, సున్నం పూయడానికి వాడే ఇనుప పనిముట్టు. ఆకు ఆకారంలో పలచటి రేకు, దానికి కర్ర పిడి. ముప్ఫై ఏళ్లు పట్టుకుని పట్టుకుని ఆ పిడి నాన్న పిడికిలి ఆకారంలోకి అరిగిపోయింది. బుజ్జి ఆ పిడిని చూసి, "వావ్" అని ఊరుకుంది.

"కాగితం మీద ప్లాన్ గీసేవాడివా తాతయ్యా?"

"పెద్ద ఇళ్లకయితే ఇంజనీరుగారు కాగితం ఇచ్చేవారు. మా ఊళ్లో చాలా ఇళ్లకి కాగితమే లేదమ్మా. నేల మీదే ముగ్గు పోసేవాళ్లం."

"ముగ్గు అంటే, పండక్కి వేసేదా?"

"ఆ ముగ్గే. పుల్లలు పాతి, దారం కట్టి, ఆ దారం వెంట ముగ్గు పోస్తాం. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ పడకగది అని. ఇంటివాళ్లు వచ్చి ఆ గీతల మధ్య నడిచి చూసేవారు. ఇంటావిడ వంటింట్లో నిలబడి, ఇరుకైపోయింది మేస్త్రీ అంటే, కాలితో గీత చెరిపేసి మళ్లీ పోసేవాణ్ణి."

బుజ్జి కుర్చీలోంచి లేచింది. "పిన్నీ! అది ప్లానే! స్కేల్ ఒకటికి ఒకటి!"

తరువాత, మూల సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగింది. "మూల నుంచి ఒక గీత మీద మూడడుగులు కొలువు. రెండో గీత మీద నాలుగడుగులు కొలువు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు వస్తే మూల సరిపోయినట్టు."

"తాతయ్యా, అది పైథాగరస్!"

"ఆయనెవరో నాకు తెలీదమ్మా. మాకు మా మేస్త్రి చెప్పాడు."

అప్పటికి అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి మా వెనక నిలబడింది. బుజ్జి ఇంకో ప్రశ్న వేసింది. "నువ్వు కూర్చున్నది ఏంటి తాతయ్యా? బెంచీయా?"

"ఇది అరుగమ్మా." ఇంటి ముందు, గోడకు ఆనించి, కూర్చోవడానికి వీలుగా కట్టిన గట్టుని అరుగు అంటారు. కూరగాయలమ్మి గంప దించుకునేది అక్కడే. పోస్ట్‌మాన్ కాసేపు ఆగేది అక్కడే. ఎండన పడి వచ్చినవాడు మంచినీళ్లు తాగేది అక్కడే. ఇంట్లోకి రానక్కర్లేదు, వీధిలో నిలబడక్కర్లేదు. బుజ్జి నెమ్మదిగా అంది: "ఇంటికీ వీధికీ మధ్య చోటు."

నాన్న ఇంకో మాట కూడా చెప్పాడు. "అరుగు కట్టేముందు రెండు అడుగు బంగారం. ఎండ ఎటునుంచి వస్తుంది? ఎవరు కూర్చుంటారు? ఆ రోజుల్లో కొందరి అరుగుల మీద, కట్టిన మాకే కూర్చునే వీల్లేదు. అన్నం తినేటప్పుడు కింద నేల మీద కూర్చునేవాళ్లం. నువ్వు కట్టేది అలా ఉండకూడదు."

ఆ మాట నేనూ అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఎందుకంటే నేను ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు రైల్లో బుజ్జి అడిగింది. "పిన్నీ, నిన్న ఎందుకలా మార్చి చెప్పావు?"

పెద్దవాళ్లని పిల్లలు నిలదీస్తే ఎంత ఇబ్బందిగా ఉంటుందో మీకు తెలీదు. కానీ చెప్పాను. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా బడి పక్కన ఎవరిదో ప్రహరీ గోడ కడుతున్నారు. నాన్న పరంజా మీద నిలబడి పూత పూస్తున్నాడు. పరంజా అంటే ఎత్తులో పని చేయడానికి కర్రలతో కట్టుకునే మంచె. ఒళ్లంతా సిమెంటు, తలకి తువ్వాలు. మధ్యాహ్నం గంట కొట్టాక స్నేహితురాళ్లతో అటువైపు వచ్చాను. ఒకమ్మాయి, "ఆయన మీ నాన్న కదూ?" అంది. "కాదు, మా ఇంటికి పని చేసిన మేస్త్రి" అన్నాను. నాన్నకి వినపడింది. ఆయన మా వైపు చూడకుండా గోడ వైపు తిరిగిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఎప్పటిలాగే అన్నం తిన్నాడు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ తరువాత పదో తరగతి ఫారంలో, ఇంటర్ ఫారంలో, చివరికి ఆయన కూలి డబ్బులతో చదివిన బీఎడ్ ఫారంలో కూడా, తండ్రి వృత్తి "కాంట్రాక్టర్" అని రాశాను.

బుజ్జి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తరువాత అంది: "పిన్నీ, స్కూల్లో ఫ్రెండ్స్ ముందు అమ్మ నాతో తెలుగులో మాట్లాడితే, నాకు అర్థం కానట్టు నటించేదాన్ని. ఎలిమెంటరీలో." ఇద్దరం ఇంకేం మాట్లాడలేదు. మీలో ఎవరైనా అలా చేసి ఉంటే, మీరొక్కరే కాదని మాత్రం తెలుసుకోండి.

యూనియన్ స్టేషన్ వచ్చేలోపు బుజ్జి ఫోన్‌లో మేస్త్రి అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికింది. చదివి నాకు చూపించింది. అది పోర్చుగీసు వాళ్ల మాట. "మెస్త్రె" అంటే పనిలో ఆరితేరినవాడు, నేర్పేవాడు. పోర్చుగీసు వాళ్లు 500 ఏళ్ల కిందట మన దేశానికి ఓడల్లో వచ్చినప్పుడు కొన్ని మాటలు కూడా దింపారు. మనం వాడే అల్మారా, ఇస్త్రీ కూడా అలా వచ్చినవే. ఆ "మెస్త్రె", ఇంగ్లీషు "మాస్టర్", రెండూ ఒకే పాత లాటిన్ మాట నుంచి పుట్టాయి. మాస్టర్‌ని మనం మాస్టారు చేసుకున్నాం. అంటే, మా నాన్న మేస్త్రి, బడిలో చెప్పిన నేను మాస్టారు, రెండూ ఒకే మాట! అది వేరే వేరే ఓడల్లో వచ్చింది, అంతే. ఇరవై ఏళ్లు నేను దాచిన మాట నా ఉద్యోగం పేరే.

ఆ సాయంత్రం బుజ్జి ఇంకోటి మోసుకొచ్చింది. ఆర్కిటెక్ట్ అన్నది గ్రీకు మాట. "ఆర్కి" అంటే పెద్ద, ముఖ్యమైన. "టెక్టోన్" అంటే కట్టేవాడు, వడ్రంగి. కలిపితే పెద్ద మేస్త్రి. "తాతయ్య ఆర్కిటెక్ట్ కాదన్నాడు. కానీ ఆ మాటలోనే తాతయ్య ఉన్నాడు" అంది.

ఆదివారం ఇద్దరం యాంగ్ స్ట్రీట్‌లో ఉన్న టొరంటో రిఫరెన్స్ లైబ్రరీకి వెళ్లాం. మధ్యలో పెద్ద ఖాళీ, దాని చుట్టూ వంపులు తిరిగిన ఐదు అంతస్తులు. ఎక్కడ కూర్చున్నా అందరూ కనిపిస్తారు. నాకు మన మండువా లోగిలి గుర్తొచ్చింది. మండువా లోగిలి అంటే, మధ్యలో ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలి, చుట్టూ గదులు కట్టిన పాత ఇల్లు. ఈ లైబ్రరీని 1977లో తెరిచారు. డిజైన్ చేసింది రేమండ్ మొరియామా. ఆయన కథ బుజ్జి నాకు అక్కడే చెప్పింది.

మొరియామా 1929లో వాంకూవర్‌లో పుట్టాడు. అమ్మానాన్నలది జపాన్. నాలుగేళ్ల వయసులో వేడి కూర ఒంటి మీద పడి వీపు కాలింది. మచ్చలు ఉండిపోయాయి. 1942లో, జపాన్‌తో యుద్ధం జరుగుతోందని, బ్రిటిష్ కొలంబియాలో ఉన్న 21,000 మందికి పైగా జపాన్ కుటుంబాల వాళ్లని కెనడా ప్రభుత్వం ఇళ్ల నుంచి తరిమి శిబిరాలకు పంపింది. వాళ్లలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్లు. తండ్రిని వేరే చోట నిర్బంధించారు. ఈ పిల్లాడు, తల్లి, చెల్లెళ్లు స్లోకన్ లోయలోని శిబిరంలో ఉన్నారు. అక్కడ అందరూ ఒకేచోట స్నానం చేయాలి. వీపు మీద మచ్చలు చూసి వెక్కిరించేవారు. అందుకని అతను దొంగచాటుగా నదికి వెళ్లి స్నానం చేసేవాడు. కాపలావాళ్లు వస్తే ముందే కనిపెట్టడానికి, దొరికిన చెక్కలు, మేకులతో చెట్టు మీద ఒక మంచె కట్టుకున్నాడు. తను కట్టిన మొదటి కట్టడం అదేనని తరువాత చెప్పుకునేవాడు.

పెద్దయ్యాక ఈ టొరంటో యూనివర్సిటీలోనే 1954లో ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్నాడు. 1969లో తెరిచిన ఒంటారియో సైన్స్ సెంటర్ ఆయనదే. ఆ భవనాన్ని 2024 జూన్‌లో మూసేశారు. మీలో కొందరు చిన్నప్పుడు అక్కడికి వెళ్లే ఉంటారు. తనని శిబిరంలో పెట్టిన దేశమే, ఒట్టావాలో యుద్ధ మ్యూజియం డిజైన్ చేసే పని కూడా ఆయన సంస్థకి ఇచ్చింది. అది 2005లో తెరిచారు. జపాన్ కుటుంబాలకు చేసింది తప్పని ప్రభుత్వం 1988లో క్షమాపణ చెప్పింది. 46 ఏళ్ల తరువాత.

"46 ఏళ్ల తరువాత కూడా చెప్పొచ్చా పిన్నీ?" అంది బుజ్జి. అది నాకోసమే అందని అర్థమైంది.

మూడో వారం బుజ్జి అరుగు డిజైన్ చేసింది. మొదట మన ఊరి అరుగునే ఉన్నదున్నట్టు గీసింది. తరువాత తాతయ్య ప్రశ్న గుర్తొచ్చింది. ఎండ ఎటునుంచి వస్తుంది? తణుకులో ఎండ నుంచి తప్పించుకోవాలి. బ్రాంప్టన్‌లో ఎండని వెతుక్కోవాలి. డిసెంబర్ ఆఖరివారంలో మిట్టమధ్యాహ్నం తణుకులో సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఇక్కడ 23 డిగ్రీలే. అంత కిందగా వచ్చే ఎండ దక్షిణం వైపు నుంచి లోపలిదాకా పడుతుంది. అందుకని బుజ్జి అరుగుని దక్షిణానికి తిప్పింది. ఉత్తరం, పడమర వైపుల నుంచి వచ్చే చలిగాలికి గోడ అడ్డం పెట్టింది. పైన మంచు జారిపోయేలా ఏటవాలు కప్పు వేసింది. రెండో ప్రశ్న, ఎవరు కూర్చుంటారు? వీధి వైపు గేటు తీసేసింది. పార్సెల్ తెచ్చేవాళ్లు, పక్కింటి తాతలు, బస్సు కోసం ఆగినవాళ్లు, ఎవరైనా ఎవరినీ అడగకుండా కూర్చోవచ్చు.

ఆఖరి రోజు అందరి బొమ్మలూ గోడకి అంటించారు. ఇంటివాళ్లని కూడా పిలిచారు. ముగ్గురు ఆర్కిటెక్టులు వచ్చి ఒక్కొక్కరినీ ప్రశ్నలు అడిగారు. బుజ్జి సెక్షన్ చూసి ఒకావిడ, "పునాది ఏది?" అంది. బుజ్జి గీయలేదు. ఈ ప్రాంతంలో చలికాలం నేలలో నీళ్లు గడ్డకట్టి, మట్టి పైకి ఉబుకుతుందట. పునాది దాదాపు 1.2 మీటర్ల లోతుకి వెళ్లకపోతే అరుగు పగిలిపోతుందని ఆవిడ చెప్పింది. బుజ్జి ముఖం చిన్నబోయింది. కానీ ఎరుపు పెన్సిల్ తీసుకుని అందరి ముందే ఆ పునాది గీసింది. అది నాకు చాలా నచ్చింది.

బొమ్మ కింద మూలలో, తెలుగు అక్షరాల్లో, ఒక వాక్యం ఉంది: "నేర్పింది మా తాతయ్య, తాపీ మేస్తి." ర వత్తు పడలేదు. స కింద త వత్తు, దానికి ర వత్తు, పైన గుడి, అన్నీ ఒకేచోట పెట్టడం కష్టమే మరి. ఎవరో అదేంటని అడిగితే, "మా తాతయ్య వృత్తి" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. అక్క కూడా ఇన్నాళ్లూ బుజ్జికి "బిల్డర్" అనే చెప్పింది.

మీలో ఎవరికైనా ఈ చదువు మీద ఇష్టం ఉంటే ఇది తెలుసుకోండి. ఇండియాలో ఐదేళ్ల బీఆర్క్ చదువుతారు. కెనడాలో మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ, ఆ పైన ఎంఆర్క్ అనే మాస్టర్స్ చదవాలి. తరువాత కొంతకాలం పని నేర్చుకుని, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకోవాలి. టొరంటో, వాటర్లూ, ఒట్టావాలో కార్ల్‌టన్, మాంట్రియల్‌లో మెగిల్, వాంకూవర్‌లో యూబీసీ, ఇలా చాలాచోట్ల ఉంది. లెక్కలు రావాలి, గీయడం అలవాటు కావాలి. అన్నిటికంటే, "బాగాలేదు, మళ్లీ చెయ్యి" అన్న మాట పడటం రావాలి. బుజ్జి చేరుతుందో లేదో ఇంకా తేలలేదు. బావగారు మాత్రం ఆ అట్టముక్కల అరుగుని హాల్లో టీవీ పక్కన పెట్టారు.

ఆ రాత్రి మళ్లీ నాన్నకి ఫోన్ చేశాం. బుజ్జి నమూనా చూపించింది. "నాలుగడుగుల పునాదా! అరుగుకా!" అని నాన్న నోరు తెరిచాడు. తరువాత బుజ్జి ఫోన్ నా చేతికిచ్చి, లోపలికి వెళ్లిపోయింది.

"నాన్నా, ఆ రోజు బడి పక్కన గోడ పూస్తున్నప్పుడు... నువ్వు గోడ వైపు తిరిగావు" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "గోడ వంక చూడకపోతే పూత ఎలా పూస్తానే?" అన్నాడు.

"తప్పయిపోయింది నాన్నా."

"సర్లే. టీ చల్లారిపోతోంది" అన్నాడు. కానీ ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఇప్పుడు మీ పని. ఈ వారం మీ అమ్మమ్మనో, తాతయ్యనో, నానమ్మనో అడగండి: "నువ్వు ఏం పని చేసేవాళ్లు?" కాదు, ఇలా అడగండి: "మీరు ఏం పని చేసేవారు? ఆ పనికి ఏ పనిముట్టు వాడేవారు?" వాళ్లు ఏ మాట చెప్తే ఆ మాటే పుస్తకంలో రాయండి. పక్కన ఆ పనిముట్టు బొమ్మ గీయండి. వత్తులు తప్పు పోయినా పర్లేదు, నేను దిద్దుతాను. మాట మాత్రం మార్చకండి.